దీపస్తంభం లోపల

ముప్పై ఏడో మెట్టు దగ్గర కొండబాబు ఆగాడు. ఆగినట్టు కనపడకుండా, చెప్పు సర్దుకుంటున్నట్టు వంగి, కుడిచెయ్యి గోడకు ఆనించాడు. గోడ తడిగా తగిలింది, ఆ తడి పాత సున్నానిదో తన అరచేతిదో తెలియలేదు, పంచెకు తుడుచుకున్నాడు, మళ్ళీ గోడ మీదే పెట్టాడు. పైన మెట్లు మెలిక తిరిగిన చోట కూతురి ఫోను వెలుగు ఊగుతోంది. "నాన్నా, వస్తన్నావా?" అని అరిచింది లక్ష్మీతులసి, ఆ కేక దీపస్తంభం లోపల గుండ్రంగా తిరిగి తిరిగి అతని తల మీదకు దిగింది. "ఆయ్, వస్తన్నాను, నువ్వు నడు" అన్నాడు, గొంతు మామూలుగానే పలికింది, గొంతు ఎప్పుడూ మామూలుగానే పలుకుతుంది, నాలుగు నెలలుగా అదొక్కటే అతని మాట వింటోంది. కాళ్ళు వినడంలేదు. నూట పన్నెండు మెట్లని కింద బోర్డు మీద రాసి ఉంది, తులసి పైకి చదివింది, అందులోంచి ముప్పై ఏడు తీసేస్తే ఎంతో అతను లెక్క వెయ్యబోయి మానేశాడు.

కింద టిక్కెట్ల మనిషి చెప్పనే చెప్పాడు, లోపల చీకటండి, మెట్లు ఇరుకండి, భయపడేవాళ్ళు ఎక్కొద్దండి అని, అప్పుడైనా ఆగిపోవాల్సింది. కానీ పైడమ్మ నవ్వేసింది. మోకాళ్ళ నొప్పులని తను కింద చప్టా మీద కూర్చుని, కొంగుతో విసురుకుంటూ, వరసలో నిలబడ్డవాళ్ళందరికీ వినపడేలా, "మా ఆయనకి భయమేంటండి బాబూ, పదారేళ్ళప్పట్నించీ కొబ్బరిచెట్లెక్కి కాయల దింపు తీసే మనిషండి" అంది. ఆ మాటలో ఎంత గొప్ప ఉందో, పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా ఆ గొప్ప ఎక్కడా అరగలేదో వింటూ అతను బోర్డు వైపు మొహం తిప్పుకున్నాడు. ఆ మీదట తులసి అతని చెయ్యి పట్టుకుని, "నాకే భయం, నాన్న వెనకాల ఉంటేనే ఎక్కుతా" అంది. ఇంకేం మాట్లాడతాడు. చేసేది లేక కూతురి వెనకాల చీకట్లోకి నడిచాడు.

పొద్దుట్నుంచి ఎంత హాయిగా గడిచింది! సుంకరేవు అనే ఈ చిన్న ఊరు గోదారి ఒడ్డున ఉందనీ, ఒకప్పుడు ఇక్కడికి ఓడలొచ్చేవనీ, ఇక్కడ చూడ్డానికి ఇన్ని పాత కట్టడాలున్నాయనీ అతనికి తెలియదు. సఖినేటిపల్లి దాకా ఎన్నోసార్లు వచ్చాడు గాని రేవు చూసుకుని వెనక్కి పోవడమే. డిగ్రీలో చరిత్ర చదువుతున్న తులసికి కాలేజీలో ఏదో రాసుకురమ్మన్నారట, ఆదివారం కదాని ముగ్గురూ బస్సెక్కి వచ్చారు. పాత సుంకం కచేరీ చూశారు, పైకప్పు కూలి ఆకాశం కనిపించే హాల్లో మేకలు పడుకున్నాయి. దొరల సమాధులు చూశారు, వాటి మీది అక్షరాలను తులసి వేలితో తడిమి తడిమి పేర్లు రాసుకుంది. లాకుల దగ్గర తలుపుల చక్రం పట్టుకుని ఫొటో దిగింది. అవన్నీ నేల మీద ఉన్నాయి. నేల మీద ఉన్నవాటిని ఎంతసేపు చూడమన్నా చూస్తాడు. సమాధుల దగ్గర గడ్డిలో చతికిలబడి, ఈ నాలుగు నెలల్లో ఎప్పుడూ లేనంత తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, పులిహోర పొట్లం విప్పుతూండగా తులసి తలెత్తి చెట్ల పైకి చెయ్యి చూపించి, "అదిగో నాన్నా, అదే దీపస్తంభం, ఈమధ్యే బాగుచేసి ఎక్కనిస్తన్నారు" అంది. తరువాత పులిహోరకు రుచి లేదు.

నలభై ఐదు. గోడలో సన్నటి కిటికీ. వెలుగు కోసం మొహం అక్కడ పెట్టాడు, పెట్టినందుకు వెంటనే పశ్చాత్తాపపడ్డాడు. బయట కొబ్బరి మానులు. బూడిదరంగు మానులు, మట్టలు రాలిన మచ్చలు గాజుల్లా చుట్టూ వరసగా, కళ్ళకు ఎదురుగా. చెట్టు సగంలో ఉన్నప్పుడు పక్క చెట్టు ఎలా కనపడుతుందో సరిగ్గా అలా. పాదాలకు తాటి బందం లేదు, ఛాతీ కింద మాను లేదు, కాళ్ళ కింద రాతి మెట్టే ఉంది, అయినా పాదాలు లోపలికి వంగి దేన్నో కరుచుకోబోయాయి. ఆ రోజు కూడా ఏమీ జరగలేదు, అదే అతనికి అర్థంకానిది. శివరాత్రి వెళ్ళిన వారానికి జగ్గయ్యగారి కాలవగట్టు తోట. గాలి లేదు. చెట్టు కొత్తది కాదు, ఇరవై ఏళ్ళుగా ఎరిగిన చెట్టు, ఏ మట్ట ఎటు వాలుతుందో చూడకుండా చెప్పగలడు. చెట్టు తలలో మట్టల నడిమి మొవ్వులో మోకాలు దూర్చి, గెల నరకడానికి కత్తి తీసి, ఎందుకో కిందకు చూశాడు. రోజూ చూసేదే. జగ్గయ్యగారి తలకు చుట్టిన తువ్వాలు చిప్పంత తెల్లగా కనిపించింది. ఆ తువ్వాలుకూ తనకూ మధ్య ఉన్నదంతా ఉత్త ఖాళీ అని ఆ క్షణంలో తెలిసింది. అంతకుముందు తెలియదా అంటే తెలుసు. కానీ అది వేరు, ఇది వేరు. కత్తి పట్టుకున్న చెయ్యి తనది కాదేమో అనిపించింది, అది ఇప్పుడు వదిలేస్తుంది, నేను చెప్పకుండానే వదిలేస్తుంది అనుకున్నాడు, ఒళ్ళంతా చల్లబడి, కత్తి మొవ్వులో గుచ్చేసి మట్టను రెండు చేతులా వాటేసుకున్నాడు. ఎంతసేపో. చీమలు మెడ మీద ఎక్కి కుడుతుంటే విదిలించుకోలేదు. కింద నుంచి జగ్గయ్యగారు, "ఏరా కొండబాబూ, నిద్దరోయేవేంట్రా?" అని కేకేశారు. "గాలికి కూర్చున్నానండి" అన్నాడు. గాలి లేదు కదా. అయినా ఆయన నవ్వి ఊరుకున్నారు. దిగడం దిగలేదు, జారాడు, రొమ్ము మీద చర్మం మానుకు అంటుకుని లేచిపోయింది.

తాతబ్బాయి పడ్డప్పుడు కూడా ఇలా లేదే. అదీ ఆలోచించాడు, ఎన్నిసార్లో. తాతబ్బాయి అతని జత, పక్కపక్క చెట్లెక్కి పైనుంచి పైకే కబుర్లు చెప్పుకునేవాళ్ళు, ఏ హోటల్లో పెసరట్టు బావుంటుందో, ఎవరి ఆటో ఎవరు కొన్నారో. రెండేళ్ళ కింద ఒక మధ్యాహ్నం కబురు మధ్యలో ఆగింది. "మరి మొన్న" అన్నాడు తాతబ్బాయి, అంతే, ఆ తరువాత కింద చప్పుడు. రావులపాలెం ఆసుపత్రికి వెళ్ళేలోపే ఆటోలో పోయాడు, తల కొండబాబు ఒళ్ళోనే ఉంది. కర్మలు అయిన మర్నాడు కొండబాబు అదే తోటలో మిగిలిన చెట్లన్నీ ఎక్కి దింపు తీశాడు. వాడి గుండె రాయిరా అన్నారు జనం. తనూ నిజమే అనుకున్నాడు, కొంచెం గర్వపడ్డాడు కూడా. రెండేళ్ళు ఆ భయం ఎక్కడ కూర్చుందో, ఏ తోటలో కాచుకుందో, గాలి కూడా లేని రోజున ఎందుకు వచ్చిందో. మరి మొన్న ఏమిటి? ఏం చెప్పబోయాడు తాతబ్బాయి? మంచి కబురే అయి ఉంటుంది, నవ్వుతూ మొదలుపెట్టాడు.

"నాన్నా! ఇక్కడ మెట్టు విరిగింది, చూసుకో!" "ఆయ్." యాభై ఎనిమిదో, తొమ్మిదో. లెక్క తప్పింది. లెక్క తప్పితే ఇక ఎన్ని ఉన్నాయో తెలియదు, అది ఇంకా భయం. గబ్బిలాల కంపు. పైనుంచి ఎవరో ఇద్దరు, కొత్తగా పెళ్ళయినవాళ్ళలా ఉన్నారు, నవ్వుకుంటూ దిగుతున్నారు, దారివ్వాలంటే గోడకు అతుక్కోవాలి, మెట్టు లోపలివైపు సన్నగా కత్తిమొనలా ఉంటుంది, అక్కడ కాలి వేలొక్కటే ఆనుతుంది. ఆ అబ్బాయి, "ఇంకొంచెమేనండి, పైన భలే గాలండి" అన్నాడు. గాలి. కొండబాబు పళ్ళు బిగించి నవ్వాడు.

జారిన రోజు సాయంత్రమే మొదటి అబద్ధం చెప్పాడు. రొమ్ము చూసి పైడమ్మ కంగారుపడితే, భుజం పట్టేసి జారేనన్నాడు. భుజం అన్నాక ఇక భుజమే. చెట్లు మానేసి అంబాజీపేటలో కాయ ఒలుపుకు పోయి కూర్చుంటున్నాడు, నేలలో పాతిన గునపానికి కాయ గుచ్చి పీచు లాగడం. అక్కడ ముసలాళ్ళూ, నడుం పడిపోయినవాళ్ళూ ఉంటారు, "నువ్వేంట్రా ఇక్కడ?" అన్నారు, భుజమండి అన్నాడు. భుజం నొప్పి ఉన్నవాడు గునపానికి కాయ ఎలా కొడతాడని ఒక్కరూ అడగలేదు. పైడమ్మ రోజూ కర్పూరం కరిగించిన నూనె వేడిచేసి భుజానికి రాస్తుంది. సరిగ్గా ఎక్కడ, ఇక్కడా, ఇక్కడా అంటుంది. అతను ఎక్కడో ఒకచోట చూపిస్తాడు, నిన్న ఎక్కడ చూపించాడో గుర్తుండదు, ఒకరోజు మెడ కింద, ఒకరోజు రెక్క దగ్గర, లేని నొప్పికి మూలుగుతాడు. ఆవిడ వేళ్ళు ఆ మూలుగు వెంట నమ్మకంగా, జాగ్రత్తగా పోతుంటే కళ్ళు మూసుకుంటాడు. ఒక మొగాడు పెళ్ళాం చేతుల కింద దొంగలా పడుకోవడం. చెబితే? చెబితే ఏమవుతుంది? ఏమీ అవదు అని ఒక మనసు. ఆవిడ మొహంలో ఆ గొప్ప ఆరిపోతుంది, అది నువ్వే చూడాలి అని ఇంకో మనసు.

రేపు. ఎటు తిరిగినా రేపు దగ్గరికే వచ్చి ఆగుతోంది, ఈ మెట్ల లాగే. జగ్గయ్యగారు నిన్న ఫోను చేశారు, అతను దొడ్లో ఉంటే పైడమ్మ ఎత్తింది, "తగ్గిందండి ఆయ్, సోమవారం పొద్దున్నే పంపిస్తానండి" అని చెప్పేసింది. వచ్చి అతనితో సంబరంగా చెప్పింది, నీ తోట నీకు మళ్ళీ దొరికింది అన్నట్టు. కాలవగట్టు తోటే. ఎక్కితే ఏమవుతుందో అతనికి తెలుసు. ఆ చెయ్యి ఈసారి ఆగదు. అది రాత్రంతా తెలుసు, బస్సులో తెలుసు, సమాధుల దగ్గర ఎవరో దొర పేరు తులసి చదువుతుంటే కూడా తెలుసు. చచ్చిపోతానని తెలిసి కూడా భయమేస్తోందని చెప్పలేకపోవడం ఏమిటి? ఏ మనిషైనా ఇలా చేస్తాడా? కింద బోర్డు మీద ఈ స్తంభం కాపలాదారుడి గురించి రాసి ఉంది, ముప్పై ఒక్క ఏళ్ళు రోజుకు రెండుసార్లు నూనె డబ్బా భుజాన పెట్టుకుని ఎక్కి దిగేవాడట. అతనికి ఒక్కరోజైనా కాళ్ళు వణికాయో లేదో బోర్డు మీద లేదు. అలాంటివి బోర్డుల మీద ఎవరు రాస్తారు.

ఇంకో కిటికీ. చూడకూడదనుకున్నాడు, చూశాడు. ఇప్పుడు చెట్ల తలలు కళ్ళకు ఎదురుగా ఉన్నాయి, లేత గెలలు, పూత, ఎండిన మట్ట వేలాడుతూ. చెయ్యి చాస్తే అందేటట్టు. మరో మెలిక తిరిగేసరికి అవీ కిందకు పోయాయి. కొబ్బరిచెట్టును పైనుంచి చూడడం అతనికి అదే మొదలు, బతుకంతా చెట్ల మీద గడిపినవాడికి. ఆకులన్నీ ఒక నడిమి చోటు నుంచి విచ్చుకుని, పచ్చటి చక్రాల్లా, వాటి వెనక గోదారి ఎండలో తగరంలా. ఎంత బావుందో అనుకోబోయాడు. ఆ ఆకుల నడిమి చోటే కదా, తను కూర్చునే చోటు, అంత చిన్నదా? అందులో మనిషి పట్టగలడా? ఇరవై ఎనిమిదేళ్ళు తను అందులో పట్టాడా? మెట్టు మీద కూలబడిపోయాడు. పైన తలుపు కిర్రుమంది, వెలుగు ఒక్కసారి మెట్ల మీదుగా దిగి అతని పాదాల దాకా వచ్చింది, తులసి "అబ్బా!" అంది, సంతోషంతోనే.

చివరి మెట్లు ఎలా ఎక్కాడో తెలియదు. తలుపు దగ్గర ఆగిపోయాడు, రెండు చేతులతో రెండు పక్కలా చట్రం పట్టుకుని. బయట స్తంభం చుట్టూ సన్నటి రాతి అరుగు, నడుం ఎత్తు ఇనప కటకటాలు. ఎవరూ లేరు, తులసి ఒక్కతే. గాలి ఆ పిల్ల చున్నీని మొహానికి కొడుతోంది. ఒక చేత్తో చున్నీ పట్టుకుని ఫోనెత్తి, అటు గోదారి సముద్రంలో కలిసే చోటు ఫొటో తీస్తూ, ఇంకొంచెం, ఇంకొంచెం పక్కకు నడుస్తూ స్తంభం గుండ్రంలో సగం కనపడకుండా పోయింది. "తులసీ, చాలమ్మా, వచ్చెయ్యి" అన్నాడు. మళ్ళీ పిలిచాడు. అప్పుడు వినపడింది, సన్నగా, ఆ పిల్ల అయిదారేళ్ళప్పటి గొంతుతో, "నాన్నా."

చట్రం వదలకుండా మెడ చాపి చూశాడు. తులసి కటకటాలను రెండు చేతులా పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, మోకాళ్ళు వంగి నిలబడి ఉంది. "కిందకి చూసేను నాన్నా. కదల్లేకపోతన్నాను. రా నాన్నా." అక్కడికి ఆరేడు అడుగులుంటాయి. రా అని పిలుస్తోంది కూతురు. కొండబాబు వెళ్ళలేదు. ఈ మాట తరువాత ఎవరికి చెప్పినా నమ్మరు, చట్రాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. వెళ్ళు, వెళ్ళు అనుకుంటున్నాడు, కాలు లేవలేదు. "నాన్నా" అని మళ్ళీ అంది. తన కన్నబిడ్డ పిలుస్తుంటే కాలు లేవనివాడు ఇక దేనికి? పైడమ్మను కేకేద్దామా, టిక్కెట్ల మనిషిని కేకేద్దామా, కేకేస్తే ఇంత ఎత్తునుంచి వినపడుతుందా. ఇంతలో మోకాళ్ళు వాటంతట అవే వంగిపోయాయి. సిగ్గుతో, ఇదే నా అంతు అనుకుంటూ గడప మీద చతికిలబడ్డాడు, ముందుకు ఒరిగి బోర్లా పడుకున్నాడు. రాయి చెంపకు తగిలింది, వేడిగా, గట్టిగా. పొట్ట కింద నేలలాంటిదేదో ఉంది. అలా ఉంటే చేతులు కదిలాయి. మోచేతుల మీద ఒక జానెడు, మోకాళ్ళ మీద ఒక జానెడు, పసిపిల్లాడు పాకినట్టు, కొత్త పంచె రాతికి గీసుకుని చిరుగుతుంటే, కటకటాల వైపు చూడకుండా, అమ్మా, అమ్మా, అమ్మా అనుకుంటూ పాకాడు. తులసి మడమ చేతికి తగలగానే పట్టుకున్నాడు.

"కూర్చో తల్లీ. చూడొద్దు. గోడకి వీపు పెట్టి కూర్చో. నీ కాలు నేను పట్టుకున్నాను." కటకటాల మీంచి తులసి ఒక్కొక్క చెయ్యే వదిలి, జారి, కూర్చుంది. చాలాసేపటికి కళ్ళు తెరిచి, తన పాదం పట్టుకుని రాతి మీద బోర్లా పడుకున్న తండ్రిని చూసింది. అతని ఒళ్ళంతా వణుకుతోంది, పట్టుకున్న చెయ్యి కూడా, ఆ వణుకు ఆ పిల్ల కాలికి తెలుస్తూ ఉండాలి. "నాన్నా, నువ్వు..." "భయమేస్తోందమ్మా" అన్నాడు రాతి మీదకే. "శివరాత్రి వెళ్ళిన కాణ్ణించీ. చెట్టెక్కలేకపోతన్నాను. భుజం బాగానే ఉంది." గాలి చున్నీని లాగుతుంటే తులసి నోట్లో కుక్కుకుని పట్టుకుంది. తరువాత అడిగింది, "మరి దీని పైకి ఎందుకెక్కేవు?" "నువ్వెక్కేవుగా." "నువ్వున్నావనేగా నేనెక్కేను" అని, ఏడుపో నవ్వో తెలియని చప్పుడు చేసింది. తండ్రి పక్కన తనూ బోర్లా పడుకుంది. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు తలుపు దాకా పాకారు.

దిగడం ఎక్కడం కన్నా కష్టం. ప్రతి మెట్టు మీదా కూర్చుని, కాళ్ళు చాపి కింది మెట్టు వెతుక్కుని, మళ్ళీ కూర్చుని దిగాడు. తులసి ముందు నడుస్తూ వెనక్కి తిరిగి వెలుగు చూపిస్తూ, ఎక్కేవాళ్ళు ఎదురైతే, "ఆగండి, మా నాన్న దిగుతున్నారండి" అంది. వాళ్ళు ఆగారు. ఒకావిడ అయ్యో పాపం అంది. అతనికి వినపడింది. బోర్డు మీద రాసుకుంటే రాసుకోనీ, ఈ మనిషి కూర్చుని దిగాడు అని, అంత అలిసిపోయాడు.

పైడమ్మ చప్టా మీద నుంచి లేచి ఎదురొచ్చింది, పంచె మోకాళ్ళ దగ్గర నెత్తురు చూసి, "పడ్డావా?" అంది. "లేదు." "మరి?" చప్టా మీద కూర్చున్నాడు. ఆవిడ మొహం చూస్తే చెప్పలేడని తెలుసు, మోకాళ్ళ వైపు చూస్తూ చెప్పాడు, అంతా కాదు, మూడు నాలుగు మాటల్లో. ఆవిడ విని, "భుజమో?" అంది. "భుజానికేం లేదు పైడీ." ఆ భుజం మీదే పైడమ్మ ఒక్క దెబ్బ వేసింది, గట్టిగా, మళ్ళీ ఒకటి, జనం చూస్తున్నారని కూడా చూడకుండా. "రోజుకో చోట చూపించేవు కదయ్యా! నిన్నొకచోట, నేడొకచోట. మా పెదనాన్నకీ ఇలాగే నొప్పి చోటు మారేది, ఆరు నెలల్లో పోయేడు. నీకూ అదే అనుకున్నాను. ఎవరికి చెప్పుకోను, నువ్వు పడుకున్నాక ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని. బాగుందని జగ్గయ్యగారితో అన్నానంటే, అంటేనన్నా తగ్గుతుందేమోనని." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడే ఏడ్చింది. కొండబాబు ఆవిడ వేళ్ళ వైపు చూశాడు. ఆ వేళ్ళు నూనె రాస్తూ నమ్మకంగా వెతుకుతున్నాయనుకున్నాడు. అవి నాలుగు నెలలుగా వణికిపోతూ వెతికాయి.

ఏడుపు అయ్యాక పైడమ్మ ముక్కు చీదుకుని, చేతిసంచిలోంచి ఫోను తీసింది. "ఏంటమ్మా?" అంది తులసి. "రేపటి మాట చెప్పొద్దా ఆయనకి, పొద్దున్నే వచ్చి కూర్చుంటారు పాపం." ఫోను కలిసింది. "జగ్గయ్యగారండీ, నేనండి, పైడమ్మనండి. ఆయ్. మా ఆయన రేపు రారండి. రేపే కాదండి, ఇంక చెట్టెక్కరండి... ఒంట్లో బాగానే ఉందండి. భయమేస్తోందటండి." అటు నుంచి నవ్వు వినపడింది, పెద్దగా, కొండబాబు దాకా, పక్కన కూర్చున్న వాళ్ళ దాకా. వాడికి భయమేంటే అంటున్నారాయన. పైడమ్మ ఫోను చెవికి దూరంగా పట్టుకుని కొండబాబు వైపు చూసింది. కొండబాబు చెయ్యి చాపి ఫోను తీసుకున్నాడు.

"నిజమేనండి" అన్నాడు. "భయమేనండి. ఆ రోజు మీ తోటలో గాలికి కూర్చోలేదండి."

నవ్వు ఆగింది. అవతల ఎక్కడో కాకి అరుస్తోంది. "మరి చెట్లెవరెక్కుతార్రా?" అన్నారు జగ్గయ్యగారు, మెల్లగా.

"ఏమోనండి" అన్నాడు కొండబాబు. ఏమో అని అంటుంటే మళ్ళీ భయమేసింది, ఇది వేరే భయం, రేపటి తరువాతి రోజులది, దీని సంగతి తనకింకా తెలియదు. ఫోను పైడమ్మకు ఇచ్చేశాడు. చప్టా మీద కాళ్ళు ఇంకా వణుకుతూనే ఉన్నాయి, పక్కవాళ్ళు చూస్తున్నారు. పంచె లాగి కప్పుకోబోయి, మానేశాడు.